కడిగేసిన వాసన

రెజీనాకు బిడ్డ పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఆ పాపను చూస్తే ఆమెకు ఏమీ అనిపించడం లేదు. ఏ తల్లీ పైకి అనకూడని మాట గనుక ఆమె అనలేదు. అత్త విశ్వాసమ్మే కనిపెట్టింది. పాలిచ్చేటప్పుడు కోడలు గోడకేసి చూస్తోందని సంఘం ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు తీర్పు కూడా చెప్పేశారు: దురాత్మ పట్టింది, శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టి వెళ్లగొట్టాలి, ఆ రోజే పాపను బద్వేలులో ఉన్న ఆడబిడ్డ ఇంటికి పంపేయాలి. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసే మొగుడు యేసుప్రసాద్, అమ్మ చెప్పినట్టు విను అని ఫోను పెట్టేశాడు. అతనికి తెలిసింది అంతే.

పాపను ఆపరేషన్ చేసి తీశారు. కడప ఆసుపత్రిలో తొమ్మిది రోజులు గాజుపెట్టెలో పెట్టారు. ఇంటికొచ్చాక నీళ్లు పోసేదీ, పౌడరు పూసేదీ, పక్కలో వేసుకునేదీ విశ్వాసమ్మే. తల్లి చేతికి పాప వచ్చేది పాలకు మాత్రమే. ఇంత చేసి, తల్లికి ప్రేమ లేదంటారు!

బుధవారం పొద్దున విశ్వాసమ్మ గొర్రె ఈనింది. తొలిచూలు పిల్ల దేవునిదని ఆ ఇంట్లో పట్టింపు. తడి ఆరకముందే పిల్లను సబ్బుతో రుద్ది కడిగి, తువ్వాలులో చుట్టి, చర్చికి ఎత్తుకుపోయి, పాస్టరుతో తలకు నూనె రాయించి మధ్యాహ్నానికి తెచ్చింది. తల్లి గొర్రె వాసన చూసి పొడిచింది. మళ్లీ వదిలితే మళ్లీ పొడిచింది. సాయంత్రానికి పిల్ల మూలన పడి వణుకుతోంది.

పశువుల ఆసుపత్రిలో పనిచేసే అంజలిని పిలిచారు. ఆమె పిల్లను ఎత్తి మూతి దగ్గర పెట్టుకుని నవ్వింది. "మొహానికి స్నో కూడా పూయకపోతివేందత్తా?"

తర్వాత విడమరిచి చెప్పింది. ఈనేటప్పుడు గొర్రె మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరుతుంది. ఆ కాసేపట్లోనే గొర్రె పిల్లను నాకి, వాసన పట్టి, ఇది నాది అనుకుంటుంది. ఆ కాసేపూ పిల్ల చర్చిలో ఉంది. వాసనేమో సబ్బునీళ్లలో పోయింది.

వసారాలో కూర్చున్న రెజీనా పొత్తికడుపు పట్టుకుని మెల్లగా లేచింది.

"మనుషులకూ అంతేనా అక్కా?"

మనుషులకు గొర్రెల మాదిరి ఇంతలోపే అనే గడువేమీ లేదని అంజలి చెప్పింది. ఒంటికి ఒళ్లు తగులుతుంటే, బిడ్డ చప్పరిస్తుంటే ఆ హార్మోను తర్వాతైనా ఊరుతుంది. కొందరికి ఆలస్యమవుతుంది. చాలామందికి ఇలా జరుగుతుంది, ఎవరూ చెప్పుకోరు.

"ఇన్ని దినాలూ నన్ను నేనే రాక్షసి అనుకుంటాండా," అంది రెజీనా. ఏడ్చింది. మోపు దించినదానిలా గోడకు ఆనుకుని, ఊపిరి పీల్చుకుంటూ ఏడ్చింది.

విశ్వాసమ్మ అంజలి మందుల సంచీ వైపు చూసింది. తర్వాత అడిగింది. "బర్రెలకు పాలు దిగను పొడుస్తారే, ఆ సూదేనా? రెజీనాకు అదొకటి పొడిచిపో మల్ల."

"ఆ సూది పొదుగుకు పనిచేస్తాది గానీ మెదడుకు ఎక్కదత్తా. మెదడే ఊరించుకోవాల. నువ్వు బిడ్డను వదిలితే చాలు."

అంజలి గొర్రెను ఇరుకు మూలలో కట్టింది. దాని పాలే పిండి పిల్ల తోకకూ వెనకకూ పూసి, పైన ఉప్పు చల్లింది. ఉప్పు కోసం గొర్రె నాకింది. పోతూ పోతూ, వారంలో దిగులు తగ్గకపోతే రెజీనాను డాక్టరుకు చూపించమనీ, పాస్టరుకు కాదనీ చెప్పింది.

ఆ పూట నుంచి పాప ఒంటికి పౌడరు లేదు. రెజీనా రవిక విప్పి ఎదమీద పడుకోబెట్టుకుని పైన చీర కప్పుకుంది. విశ్వాసమ్మ చేతులు ఊరుకోక రెండు రోజులూ ఉన్న గిన్నెలే మళ్లీ మళ్లీ తోమింది.

గురువారం గొర్రె పొడవడం తగ్గించింది. శుక్రవారం తెల్లవారాక చూస్తే పిల్ల తోక ఆడిస్తూ పాలు తాగుతోంది. తల్లి దాని తోక కింద మూతిపెట్టి గొంతులోనే గురగురమంటోంది. విశ్వాసమ్మ ఆ మాట చెప్పడానికి లోపలికి వచ్చింది. చెప్పకముందే రెజీనా పిలిచింది.

"ఇది తుమ్మేముందు ముక్కు యెట్ల ముడుస్తాదో సూడత్తా."

బిడ్డ పుట్టిన ఇరవయ్యో రోజున ఆమె పాప గురించి తనంతట తాను అన్న మొదటి మాట అది. విశ్వాసమ్మ మంచం అంచున కూర్చుని పాప మళ్లీ తుమ్మేదాకా చూసింది.

పది గంటలకు సంఘం ఆడవాళ్లు బైబిళ్లు పట్టుకుని వచ్చారు. విశ్వాసమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"తల్లీబిడ్డా పండుకోనుండారు. పాప యాడికీ పోదు. ప్రార్థన చర్చిలో చేసుకుందాం పదండి."

మరి దయ్యం సంగతేమిటని ఒకామె అడిగింది.

"దయ్యం లేదు గియ్యం లేదు. సబ్బు రుద్దింది నేనే," అని విశ్వాసమ్మ చెప్పులేసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.