నోరు విప్పని వరస

ఆ బడి మైదానంలో పొద్దున్నే వ్యాయామం జరుగుతుంటే దారిన పోయేవాళ్ళు కాసేపు నిలబడి చూసేవారు. మగపిల్లలు ఒకటీ రెండూ అంటూ గొంతు చించుకుని లెక్కపెట్టేవారు. ఆడపిల్లల వరసలో మాత్రం చేతులు లేచేవి, దిగేవి, చప్పుడుండేది కాదు. లెక్కంతా మనసులోనే. పెదవి కదిపిన పిల్లకు మార్కులు తగ్గేవి. క్రమశిక్షణంటే అదీ అని పెద్దలు మెచ్చుకునేవారు. పోటీల్లో ఆ నిశ్శబ్దానికే బహుమతులు వచ్చాయి. చదువరులారా, మెచ్చుకున్నవాళ్ళలో మీరూ నేనూ కూడా ఉండేవాళ్ళమేమో.

ఈ పద్ధతి పెట్టినవాడు విజిల్ మాస్టారు. ఆయన అసలు పేరు జీతం లెక్కకట్టే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మెడలో విజిల్ లేకపోతే ఆయనకు చొక్కా వేసుకోనట్టే ఉండేది. మనిషి మంచివాడు. ఏ పిల్ల నీరసంగా కనిపించినా ఇంటికి వెళ్ళి మరీ తల్లిదండ్రులకు చీవాట్లు పెట్టి వచ్చేవాడు. కాకపోతే ఆడపిల్ల అరిస్తే అల్లరిపాలవుతుందని ఆయన గట్టి నమ్మకం. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే, పట్టుకున్నవాడి బొటనవేలి వైపు తిప్పి విడిపించుకోవడం ఆయనకు బాగా తెలుసు. దాన్ని మగపిల్లలకే నేర్పాడు. ఆడపిల్లలకు ఎందుకులే అనుకున్నాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఆ వరసలోనే పెరిగింది. పరుగులో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇప్పుడు ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. రోజూ తండ్రితో పాటు పరుగుకు వెళ్ళే పిల్ల ఉన్నట్టుండి మానేసింది. ఉద్యోగం కూడా మానేస్తానంది. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటోంది. మాస్టారికి ఇందులో బద్ధకం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఒంటిని నిర్లక్ష్యం చేస్తే రోగాలు పిలవకుండానే వస్తాయని భోజనాల దగ్గర పాఠం మొదలుపెట్టాడు.

ఆమె తినడం ఆపి చొక్కా చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

ల్యాబు మెట్ల మలుపులో సూపర్‌వైజరు పట్టుకున్నాడని తలవంచుకుని చెప్పింది. గోడకవతల గది నిండా జనమేనట. పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడు విని వాడే వదిలేశాడట. వడ్డిస్తున్న తల్లి గరిటె పక్కన పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

మాస్టారి నోట మొదట వచ్చిన మాట ఒకటే. "మరి అరవలేదేమ్మా?"

కూతురు ఆయన్ని సూటిగా చూసింది. "రాలేదు నాన్నా. కాళ్ళలో బలముంది, చేతుల్లో బలముంది, గొంతే రాలేదు. మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. మీరు నేర్పింది అదే కదా."

తప్పు ఆ సూపర్‌వైజరుది. అందులో రెండో మాట లేదు. ఆ సంగతి తల్లే తేల్చేసింది. తెల్లారగానే తాను వెంట వస్తాననీ, ల్యాబు యజమానిని నిలదీద్దామనీ, ఆయన తేల్చకపోతే పోలీసుల దగ్గరికి వెళ్దామనీ, ఉద్యోగం పోవాల్సింది వాడికేననీ అంది. మాస్టారు మాత్రం కంచం ముందు నుంచి లేవలేకపోయాడు. ఎదురుగా గోడ మీద బహుమతుల ఫోటోలు ఉన్నాయి. ఒక్క ఫోటోలోనూ ఒక్క పిల్ల నోరు తెరిచి లేదు. ఇన్నాళ్ళూ గర్వంగా చూసుకున్న ఆ గోడకేసి చూడటానికి ఆయనకు సిగ్గేసింది. కూతురి చేతి మీది గుర్తుల్లో తన వేలు కూడా ఒకటి ఉందనిపించింది.

మర్నాడు ఆయన విజిల్ లేకుండా మైదానానికి వచ్చాడు. ఆడపిల్లల్ని గట్టిగా లెక్కపెట్టమన్నాడు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

"మార్కులు పోవా మాస్టారూ?" అని ముందు నిలబడ్డ పిల్ల అడిగింది.

ఆయన తలెత్తలేకపోయాడు. పోవని మాత్రం చెప్పాడు. పట్టుకున్న చేతిని ఎటు తిప్పి లాక్కోవాలో, జనమున్న వైపు ఎలా పరిగెత్తాలో చూపించాడు. అన్నిటికన్నా ముందు 'వదులు' అని అరవాలన్నాడు. పిల్లలు బడిలో సెలవు అడిగినట్టు మెల్లిగా గొణిగారు.

అప్పుడు గేటు దగ్గర నుంచి ఒక గొంతు లేచింది. "వదులు!"

బొంగురుగా, పగిలినట్టుగా ఉందా గొంతు. ల్యాబుకు బయలుదేరిన కూతురు తల్లి పక్కన నిలబడి ఉంది. ఆమె రెండోసారి అరిచినప్పుడు వరస మొత్తం గొంతు కలిపింది. దారిన పోయేవాళ్ళు ఉలిక్కిపడి ఆగారు.

మాస్టారు పిల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒళ్ళు గట్టిపడితే అదే ఆరోగ్యమని ఇన్నాళ్ళూ చెప్పాను. ఆపద వస్తే అరిచి, విడిపించుకుని, బయటపడటం రాకపోతే అది సగం ఆరోగ్యమేనమ్మా. మిగతా సగం మీ దగ్గర్నుంచి లాక్కున్నవాణ్ణి నేనే."