శర్వాణి తుడిచిన వ్యాఖ్యలు

ఆషాఢజలధరశ్యామలమైన గగనతలమునుండి యెడతెగని ముసురు గురియుచు రాజమార్గములను గాలువలు గావించుచు భాగ్యనగరమందలి యద్దాలమేడల నన్నింటిని మసకబార్చుచుండ నందొక మేడయందు శర్వాణి కంప్యూటరు ముందఱ దలపట్టుకొని కూర్చుండియుండెను. నగరమున నంబులెన్సులను రోగుల యిండ్లకు బంపు ప్రోగ్రామునకు నామెయే యధికారిణి. నాడు వాన ముదిరిన కొలది యా ప్రోగ్రాము ఒక రోగికి రెండు బండ్లను బంపుచు వేఱొక రోగికి నొక్కదానినైనను బంపకుండెను. ప్రక్కగదిలో ఫోన్లు పట్టుకొని తామే బండ్లను బంపువారు వేగలేకపోవుచుండిరి. పురుటినొప్పులు పడుచున్న యొక యిల్లాలు పలుమారు పిలిచి పిమ్మట బిలుచుట మానెను.

ఆ ప్రోగ్రామును మొదట వ్రాసిన ముక్తేశ్వరరావు ప్రతి యాజ్ఞ ప్రక్కనను అది యేల యట్లుండవలెనో తెలుపు వ్యాఖ్యను, వాడుకలో గామెంటును, వ్రాయువాడు. చక్కని ప్రోగ్రామునకు వ్యాఖ్యతో బనిలేదనియు వ్యాఖ్య వ్రాసినవాడు తన చేతకానితనమును జాటుకొన్నవాడే యనియు శర్వాణి మతము. మతమన్నమాట యూరక వాడలేదు. దానికై యా కార్యాలయమున బ్రాణస్నేహితులు మాటలు మానుకొనిరి. అధికారము చేతికి రాగానే యామె నిండుసభలో నాతని వ్యాఖ్యలను రాగయుక్తముగా జదివి యందఱను నవ్వించెను. ముక్తేశ్వరరావు నాడే యుద్యోగము వదలి పోయెను. ఆమె వ్యాఖ్యలన్నింటిని దుడిచెను. వ్యాఖ్య పోయినంత నర్థము తెలియని పంక్తులు పెక్కు తేలగా వానినిగూడ జెత్తయని తీసివేసెను. చెత్తను మోయనేల యని పాతప్రతులను సైతము రూపుమాపించెను. తోడివారు చప్పట్లు కొట్టిరి.

వెనుకటి యేటి వానలలో నీ చిక్కు రాలేదు. తీసివేసిన పంక్తులలో వానకాలమునకై వ్రాసినది యేది? పరువు చంపుకొని యామె ముక్తేశ్వరరావునకు ఫోను చేసెను.

"అయ్యా, వానలకై మీరేదో యేర్పాటు చేసియుంటిరి. అదియేమో సెలవిండు. ప్రాణములు పోవుచున్నవి."



"చేసితినమ్మా. ఫోన్లు తెగి మరల గలసినప్పుడేదో చిక్కు వచ్చెడిది. దాని మూలము గనుగొనుటకు నొక వర్షకాలమంతయు బట్టెను. ఎంత తలచినను స్ఫురించుట లేదు."

"వ్రాసిన మీరే మఱచిన నెట్లండీ?"

"వ్రాసి పెట్టితిని గదా తల్లీ. అందుకే మఱచితిని."

ఆ మాటలో నెత్తిపొడుపు లేదు. ఉండినచో నామె కోపమైనను దెచ్చుకొనియుండును. సిగ్గుతో మొగము మాడిపోగా శర్వాణి మచ్చలేని తన ప్రోగ్రామును మొదటినుండి చదువనారంభించెను. ప్రతి పంక్తియు దానేమి చేయునో స్పష్టముగా జెప్పెను. ఏల చేయునో యొక్కటియు జెప్పలేదు. ప్రక్కగదిలో ఫోన్లు మ్రోగుచునే యుండెను.