లోపలి కుట్టు

రిమ్ము నుంచి ఊడదీసిన టైరును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, కుడిచేతిని మోచేతి దాకా దాని కడుపులోకి పోనిచ్చి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పుతున్నాడు తడుముడు. సగం చుట్టు తిరిగేసరికి చెయ్యి ఆగింది. పటకారు తీసుకుని, బయటివైపు నుంచి ఆవగింజంత ఇనుప ముక్కను లాగి, కారు తెచ్చినాయన అరచేతిలో పెట్టాడు. మూడు షాపులు తిరిగినా ఎవరికీ దొరకని ముక్క అది. ఆయన ఏదో మెచ్చుకోబోయేసరికి ఈయన అప్పటికే అతుకు వెయ్యడానికి గరుకు కాగితం వెతుక్కుంటున్నాడు.

ఆ పేరు షాపులోవాళ్లు పెట్టిందే. టైరు తడిమి జబ్బు చెప్పగలడని ఒక అర్థం. నాలుగు మాటలు చెప్పాలంటే మూడుసార్లు తడుముకుంటాడని ఇంకో అర్థం. రెండూ నిజమే కాబట్టి ఆయనకు కోపం రాలేదు. వయసు యాభై ఎనిమిది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎప్పుడో ఇనుప కడ్డీ కింద నలిగి చదునైపోయిన ఎడమ బొటనవేలు. గాలి కొట్టే యంత్రం పక్కనే బతుకంతా గడవడంతో ఆ వైపు చెవి కాస్త మందగించింది. నేల ఊడవడానికని చేరి, ఊడుస్తూ చూస్తూ పని పట్టుకుని, ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే కప్పు కింద ఉన్నాడు. షాపు పెట్టిన పెద్దాయన పోయాక ఆయన కొడుకు యజమాని అయ్యాడు. అతను "బాబాయ్" అంటాడు. ఈయన "బాబూ" అంటాడు. అంతకు మించిన ఒప్పందం వాళ్ల మధ్య ఏనాడూ లేదు.

భార్య పక్కవీధిలో బట్టలు సరిచేసే చిన్న కొట్టు నడుపుతుంది. పొద్దున ఇద్దరూ కలిసి బయలుదేరి మలుపు దగ్గర విడిపోతారు. సాయంత్రం ఆవిడ కొట్టు మూసి ఇటు వస్తుంది. ఇంటికి నడిచే పావుగంటా ఆవిడ మాట్లాడుతుంది, ఆయన వింటాడు. ఆ పావుగంట కోసమే తన కాళ్లు ఇంకా నడుస్తున్నాయని ఆయన ఒకసారి అన్నాడని ఆవిడ చెబితే, షాపులో ఎవరూ నమ్మలేదు. అంత పొడుగు వాక్యం ఆయన నోట రాదన్నారు.

పదిన్నరకు టాక్సీ ఆవిడ వచ్చింది. పద్నాలుగేళ్లుగా సొంత కారు నడుపుతున్న మనిషి. పొద్దున బడిపిల్లల్ని, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లే ముసలివాళ్లను తిప్పుతుంది. నాలుగు నెలల కింద ఇక్కడే వేయించిన ముందు టైర్లు రెండూ పక్కగోడల మీద కోడిగుడ్డంత ఉబ్బాయి. కంపెనీకి పంపితే వాటితోపాటు ఒక ఉత్తరం తిరిగివచ్చింది. యజమాని దాన్ని పైకి చదివాడు. గుంతల్లో వేగంగా దింపడం వల్ల కలిగిన దెబ్బ అనీ, నడిపేవారి అజాగ్రత్తకు వారంటీ వర్తించదనీ అందులో ఉంది.

ఆవిడ అరవలేదు. పాత టైర్లతో ఎలాగోలా నెట్టుకొస్తానంది, కానీ ఆ ఒక్క మాట మాత్రం మింగుడు పడటం లేదంది. బడి వాళ్లు ఈ ఉత్తరం చూస్తే పిల్లల్ని తన కారు ఎక్కిస్తారా? ఇన్నేళ్లలో కారుకు గీత పడనివ్వని తనకు ఇంత చెడ్డపేరా?

తడుముడు ఆ రెండు టైర్లనూ దొర్లించుకుంటూ మూలకు తీసుకెళ్లాడు. లోపల చెయ్యి పెట్టాడు. గుంతలో పడి నలిగిన టైరుకు లోపలివైపు చిట్లిన గుర్తు ఉంటుంది. ఇక్కడ కందిన మచ్చయినా లేదు. వేలికొసలకు తగిలింది వేరే ఏదో, సన్నగా పొడుగ్గా, నిట్టనిలువుగా, రెండింటిలోనూ ఒకేలా. బయటకు తిప్పి అచ్చుపోసిన తేదీ అంకెలు చూశాడు. రెండూ ఒకే వారంలో తయారైన టైర్లు. ఆవిడ కారు దగ్గరికి వెళ్లి రిమ్ములు తడిమాడు. చిన్న సొట్ట లేదు.

ఇలాంటి గీత ఆయన వేళ్లకు ఒకసారి తగిలింది. ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి, ఒక లారీ టైరు. అప్పటి కంపెనీ ఇన్‌స్పెక్టరు బాగానే ఉందన్నాడు, పెద్దాయన తల ఊపాడు, ఈయన మాట కోసం తడుముకుంటూ ఉండగానే లారీ వెళ్లిపోయింది. టైరు నాలుగో రోజు పేలింది. డ్రైవరు బతికాడు, కాలు మాత్రం వంకరైంది. ఎవరూ ఈయన్ని ఒక్కమాట అనలేదు. ఈయన నోరు తెరవబోయాడని తెలిస్తే కదా అనడానికి. భార్యకు కూడా చాలా ఏళ్లకు గానీ చెప్పుకోలేదు.

టాక్సీ ఆవిడ వచ్చిన ఆ రోజే కంపెనీ ఇన్‌స్పెక్టరు నెలవారీ రాక. ఆ ఉత్తరం మీద సంతకం ఆయనదే. వచ్చేలోగా తడుముడు టాక్సీ ఆవిడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"అమ్మా, ఒకటి కొయ్యాలి," అన్నాడు. "కోస్తే... కోసిన టైరుకు కంపెనీ ఏమీ ఇవ్వదు. నాది పొరపాటైతే నీకు ఆ ఆశ కూడా పోతుంది."

"మీకేమనిపిస్తోంది?"

"పొరపాటు కాదనే."

ఆవిడ ఆయన చేతులవైపు చూసింది. "అయితే కొయ్యండి."

యజమాని మాత్రం వెనకాడాడు. కంపెనీతో తగువు పెట్టుకుంటే రేపు సరుకు సరిగా వస్తుందో రాదో. చెవి దగ్గరికి వచ్చి, బాబాయ్, ఆలోచించావా అని అడిగాడు. ఆలోచించానన్నట్టు తల ఊపి, తడుముడు కత్తికి పదును పెట్టుకోసాగాడు. అలా ఆయన ఎదురు నిలవడం ఎన్నడూ చూడని యజమాని, కాసేపు చూసి, గోడ దగ్గరున్న దీపం తీగను తనే లాగి మూలలో వెలిగించాడు.

ఇన్‌స్పెక్టరు పన్నెండుకు వచ్చాడు. రోజుకు నలభై టైర్లు చూసే మనిషి, కళ్ల కింద అలసట. ఉత్తరం వెళ్లాక మళ్లీ చూసే పద్ధతి లేదన్నాడు. తడుముడు నోరు తెరిచాడు, మూశాడు. షాపులో అందరూ ఆయన కోసం ఇబ్బంది పడుతూ తలలు తిప్పుకున్నారు. అప్పుడు ఆయనకు భార్య కొట్టు గుర్తొచ్చింది, చిరిగిన జాకెట్టును వెలుగుకు పట్టి ఆవిడ రోజూ అనే మాట గుర్తొచ్చింది.

"మా ఆవిడ బట్టలు కుడుతుందండీ," అన్నాడు. "అంచు మీద అంచు రాకుండా కుట్టారనుకోండి, తొడుక్కున్నవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉన్నా అది విడిపోతుంది. తప్పు తొడుక్కున్నవాళ్లది కాదు కదండీ. దీని లోపలి కుట్టు కలవలేదు. రండి, చూపిస్తాను."

ఆయన జీవితంలో అది అన్నిటికన్నా పొడుగు ప్రసంగం. కత్తిని నీళ్లలో ముంచి, ఉబ్బు పక్కనుంచి గీత గీసినట్టు కోశాడు. రబ్బరు పొరను వెనక్కి మడిచాడు. లోపల దారాలు ఒక్కటీ తెగలేదు. వరసగా, బుద్ధిగా ఉన్నాయి. ఒక పొర అంచు మీదికి రెండో పొర ఎక్కాల్సిన చోట మాత్రం వేలు పట్టేంత సందు.

ఇన్‌స్పెక్టరు నేలమీద మోకాళ్లూని ఆ సందులో వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"నేను లోపల చెయ్యి పెట్టి చూడలేదండీ," అన్నాడు, టాక్సీ ఆవిడతో. ఆ ఉత్తరాన్ని అడిగి తీసుకుని నాలుగుగా చింపాడు. కొత్త కాగితం రాశాడు. కొయ్యని టైరు ఫ్యాక్టరీకని కారులో వేసుకుంటూ, ఆ వారంలో తయారైనవన్నీ వెనక్కి రప్పించాలని ఫోనులో ఎవరితోనో గట్టిగా చెప్పాడు. తడుముడికి వినిపించే చెవి అటువైపే ఉంది.

మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా ఖాళీ చేసి, మామూలుగా సగం వదిలేసేవాడల్లా, యజమాని పెట్టిన అరటిపండు కూడా తిన్నాడు. ఆ తర్వాత ఐదు కార్లు చూశాడు. ఒకరికి టైర్లు మార్చక్కర్లేదని చెప్పి పంపేశాడు. ఎండ వాలాక ఎడమ భుజం లాగుతోందని, కత్తి పట్టు అలవాటు తప్పిందని నవ్వాడు. వెనక కుళాయి దగ్గర చేతులు తోముకుని వచ్చి, బయట బల్ల మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. సంగతి దారిలోనే టాక్సీ ఆవిడ చెప్పేసింది. నా మాట వాడుకున్నారట, నాకేమిస్తారు అని అడిగింది. కాసేపు తనే మాట్లాడింది, ఎప్పటిలాగే. జవాబు రాకపోవడం కొత్త కాదు. లేద్దాం రండి అంటూ చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది, పట్టు మాత్రం లేదు. ముఖంలో బాధ ఛాయ లేదు. పని అయిపోయిన మనిషి ముఖం. ఆవిడ ఆ చేతిని వదలకుండా, పిలవాల్సిన వాళ్లను పిలవడానికి ముందు, ఇంకొంచెంసేపు అలాగే కూర్చుంది.

ఆయన పోయిన పదకొండో రోజున కొత్త టైర్లు వచ్చాయి. టాక్సీ ఆవిడ కారుకు యజమానే స్వయంగా బిగించాడు. బిగించే ముందు, కళ్లు మూసుకుని, రెండింటి లోపలా చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. ఆవిడ పిల్లల్ని తేవడానికి బడికి వెళ్లిపోయింది. అతను చేతులు కడుక్కుందామని వెనక్కి వెళ్లి, కుళాయి విప్పి, ఆగిపోయాడు. గట్టు మీద, ఆ రోజు నుంచి ఎవరూ ముట్టుకోని సబ్బుముక్క ఎండి బీటలు వారి ఉంది, నల్లని గీతలతో, నడుమ ఒక చదునైన బొటనవేలు అరగదీసిన గుంటతో.