సగం రఫూ అయిన కోటు

చిరిగిన బట్టను చిరగనట్టు చేయడం అబద్ధమాడటం కాదా అన్న అనుమానం సూదమ్మకు పెళ్ళయిన కొత్తల్లోనే పట్టుకుంది. భర్త దగ్గర రఫూ పని నేర్చుకుంటూ ఒకసారి అడిగేసింది కూడా. "వైద్యుడు పుండు మాన్పితే అబద్ధమా?" అన్నాడాయన, సూది మీంచి చూపు తీయకుండానే. "పుండుకైతే మచ్చ మిగులుతుంది కదండీ," అంది ఆమె. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పొద్దున్నే పటం ముందు నిలబడి దేవుణ్ణీ అదే అడిగేది. దేవుడూ నవ్వి ఊరుకునేవాడు. మగవాళ్ళంతా ఒకటే అనుకుంది.

ఆయన పోయాక అడగడం మానేసింది. పటం ముందు నిలబడటం మాత్రం మానలేదు. చేతులు జోడించి, కాసేపుండి, వచ్చేస్తుంది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చుట్టాలు కాచుకు కూర్చుని, రాకపోయేసరికి ఆమె వంతు కూడా వాళ్ళే ఏడ్చి వెళ్ళారు. తింటే తిన్నట్టుండదు, తినకపోతే ఆకలీ వేయదు. చేతులు వాటి మానాన అవి పని చేసుకుపోయేవి.

ఆ పనే తగ్గిపోయింది. రఫూ పనికి ఒక శాపం ఉంది. బాగా చేస్తే ఆనవాలు మిగలదు. ఆనవాలు లేనిదాన్ని ఎవరు చేశారని ఎవరడుగుతారు? పైగా అతికిన బట్ట తొడుక్కున్నానని ఎవరు టముకు వేసుకుంటారు? గిరాకీలు చాటుగా వచ్చి చాటుగా పోయేవారు. ఆయన ఉన్నప్పుడు దర్జీ కొట్లన్నీ తిరిగి పని పట్టుకొచ్చేవాడు. ఆమెకు తిరగడం చేతకాదు.

ఆమె కూర్చుని రఫూ చేసే కొట్టుగది మరిదిది. పక్కనే అతని టైల్స్ దుకాణం. సరుకు పెట్టుకోవడానికి చోటు చాలక నెల మొదట్లో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఈగలు తోలుకోడానికి గదెందుకు చెప్పు? వచ్చే ఆ కాస్త పనీ ఇంట్లోనే చేసుకోవచ్చుగా."

"ఇంట్లో వెలుతురు లేదయ్యా. ఈ కిటికీ దగ్గరైతేనే పోగు కనిపిస్తుంది."

అది నిజమే. కానీ ఈ గది పోతే పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఇంట్లో కూర్చుంటే మళ్ళీ లేవనని ఆమెకు తెలుసు.

మరిది చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు. "సరే, నెలాఖరుదాకా చూద్దాం. ఈ రోజుల్లో వెబ్‌సైట్ లేని వ్యాపారం చిరునామా లేని ఉత్తరం లాంటిది. ఒకటి పెట్టుకో. అది చూసి ఒక్క కొత్త మనిషి గుమ్మం తొక్కినా గది నీదే. తొక్కకపోతే మాత్రం నన్నేమీ అనుకోకూడదు."

"నాకు ఫోన్లో మాట్లాడటమే సరిగా రాదు."

"ఏమీ రానక్కర్లేదు వదినా. అడిగినదానికి జవాబిస్తూ పోతే అదే తయారవుతుంది. నేను చేయలేదూ?"

చెప్పినట్టే ఫోను అడుగుతూ పోయింది. మీ వ్యాపారం పేరేమిటంది. పేరేమీ లేదు, 'రఫూ' అని కొట్టింది. రంగు ఎంచుకోమంది. ఏదీ నచ్చలేదు, ఏదీ నచ్చకపోనూ లేదు. వేలు పడ్డ రంగునే ఉంచింది. మీ కథ చెప్పండంది. 'చిరిగినవి బాగుచేస్తాం' అని రాసి, కాసేపు దానివంక చూసి, 'చేస్తాను' అని దిద్దింది. కథ అక్కడికి అయిపోయింది.

మర్నాడు మరిది ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు.

"వదినా, యజమాని అని ఉన్నచోట ఈ గడ్డమాయన ఎవరు?"

"ఎవరో. నేను వెళ్ళేసరికే ఉన్నాడు."

"నమూనాకి పెడతారమ్మా! ఆ బొమ్మ తీసేసి మనది పెట్టుకోవాలి."

"నవ్వుతున్నాడు కదా, పోనీలే అనుకున్నాను."

"రేపెవరైనా వచ్చి ఆయనేడీ అంటే ఏం చెబుతావు?"

సూదమ్మ కాస్త ఆలోచించింది. "లేడని చెబుతాను. అలవాటేగా."

మరిది ఆమె ఫోను అందుకున్నాడు. గడ్డమాయన్ని తనే తీసేసి, బొమ్మలు ఎలా మార్చాలో చూపించి వెళ్ళిపోయాడు.

'మీ పనితనం చూపించండి' అన్న గడి ఒకటి మిగిలింది. బాగుచేసి ఉంచిన బట్టలకు ఫొటోలు తీసి పెట్టింది. ఒక పంట్లాం మోకాలు, ఒక చొక్కా కాలరు.

"ఇందులో ఏముంది? బట్ట ఉంది," అన్నాడు మరిది.

"అదే పని."

"పని కనపడదే!"

"కనపడితే అది పనెలా అవుతుంది?"

"నువ్వు చెప్పేది నిజమే వదినా, కానీ చూసేవాడికి బుర్ర తిరిగిపోతుంది. కన్నం కూడా చూపించాలి." అని, పోతూ పోతూ రెండు టైల్స్ పెట్టెలు తెప్పించి మూలన పెట్టించాడు. ఊరికే, తాత్కాలికంగా అన్నాడు.

కన్నం ఎవరిస్తారు? ఆ వారం స్వెట్టరు తెచ్చిన ఒకావిడను అడిగి చూసింది. "ఫొటోనా! మా తోటికోడలి కంట పడితే ఇంకేమైనా ఉందా?" అని ఆవిడ స్వెట్టరు లాక్కుని మరీ పోయింది. ఉన్న గిరాకీ కూడా ఊడింది.

సూదమ్మ లేచి వీధి మలుపులోని ఇస్త్రీ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. గది లేని తొలిరోజుల్లో ఒక చలికాలమంతా తన బల్లలో సగం ఆలుమగలిద్దరికీ వదిలేసినవాడు. పైసా పుచ్చుకోలేదు. ఆయన కోటు చేతికి ఇస్త్రీపెట్టె కాల్చిన కన్నం ఉంది. "అది నేను బాగుచేసిస్తా, రేపు," అన్నాడు అప్పట్లో ఆమె భర్త. ఆ రేపు ఏళ్ళు సాగింది. పెద్దాయన 'రేపు?' అంటే ఆమె భర్త 'రేపే' అనేవాడు. చివరికి అది వాళ్ళకి పలకరింపైపోయింది.

"బాబాయ్, నీ కోటు ఓసారి ఇస్తావా? ఫొటో తియ్యాలి."

"కన్నానికా?" పెద్దాయన మేకుకున్న కోటు దించాడు. "తీసుకెళ్ళమ్మాయ్. ఈ మొహాన్ని ఎవరూ ఫొటో అడిగిన పాపాన పోలేదు. కోటు చేసుకున్న పుణ్యం."

రఫూకి దారం ఎక్కణ్ణుంచో తేరు. అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగుతారు. మడత విప్పబోతే అప్పటికే విప్పి ఉంది. లోపలి జేబులో ఒక అట్టముక్క, దానికి చుట్టిన పోగులు. భర్త ఎప్పుడో మొదలుపెట్టి, ఏదో తొందర పని వచ్చి, తిరిగి ఇచ్చేసినట్టున్నాడు. చుట్టిన తీరు ఆయనదే, ఎడమ వాటం. సూదమ్మ దాన్ని చూసింది. ఏమైనా అవుతుందేమోనని ఆగింది. ఏమీ కాలేదు. ఒక పోగు విప్పి సూదికెక్కించింది.

నిలువూ అడ్డం పోగులతో కన్నం సగందాకా అల్లేసరికి వెలుతురు తగ్గింది. మరిది వచ్చి, "ఎంతయితే అంత పెట్టేయ్ వదినా, నెల అయిపోవచ్చింది," అన్నాడు. ఉన్నదున్నట్టు ఫొటో తీసింది. ఒకపక్క కాలిన కన్నం, ఒకపక్క ఏమీ జరగనట్టున్న బట్ట, నడుమ సూది. ఇందులో ఎవర్నీ మోసం చేయడానికి లేదనుకుంది. ఆ మాట మనసులోంచి అలా వెళ్ళిపోయింది, వీధిలో ఎవరో నడిచిపోయినట్టు.

నెలాఖరు ఇంకా ఉండగానే ఒక బస్సు డ్రైవరు వచ్చాడు, చంకలో సంచితో.

"సగం కోటు ఇక్కడేనాండీ? ఫోన్లో చూశాను. ఆ మిగతా సగం అయిందా?"

"ఇంకా లేదండి."

"ముందది కానివ్వండి పాపం, నాదేం తొందర లేదు." సంచిలోంచి ఎలకలు కొట్టిన ఉన్ని దుప్పటి తీశాడు. "అటకమీద పడేసింది నేనే. మా ఆవిడ వాళ్ళమ్మ ఇచ్చింది."

సూదమ్మ దుప్పటిని వెలుతురుకేసి పట్టి చూసింది. ఇన్నేళ్ళలో ఏ గిరాకీనీ అడగని మాట అడిగింది. "మచ్చ కనిపించకుండా చేయనా, కొంచెం కనిపించనివ్వనా?"

"దాస్తే మాత్రం మా ఆవిడకి తెలీదాండీ? కొంచెం కనపడనీండి. బాగుచేయించానని తెలియాలిగా."

అతను వెళ్ళాక మరిది గుమ్మంలోకి వచ్చాడు. దుప్పటినీ వదిననీ చూశాడు. "వచ్చారన్నమాట," అన్నాడు. మూలనున్న పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి తనే మోసుకుపోయాడు. సూదమ్మ తలుపు తెరిచి పట్టుకుంది. సంతోషించాలి కాబోలు అనుకుంది. సంతోషం ఏ దిక్కునుంచి వస్తుందో తెలియక కిటికీ దగ్గర కూర్చుని కోటు అందుకుంది.

పోగులు సరిగ్గా సరిపోయాయి. ఖాళీ అట్టముక్కను జేబులోనే ఉంచేసి, కోటు పట్టుకుని మలుపుకి నడిచింది.

పెద్దాయన కోటు చేతిని అటూ ఇటూ తిప్పాడు. కళ్ళకి ఆ చోటు దొరకలేదు. కానీ ఏళ్ళ తరబడి తడిమిన బొటనవేలు, సరిగ్గా అక్కడే ఆగింది.

"రేపన్నాడు మీ ఆయన."

"అవును బాబాయ్."

"ఇచ్చేశావు."

"ఇచ్చేశాను."

పెద్దాయన కోటు చేతిని బల్లమీద పరిచి, నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె మెల్లగా ఆనించాడు. ఆవిరి లేచి ఇద్దరి మధ్యా కాసేపు నిలిచింది. అది పోయేదాకా సూదమ్మ అక్కడే ఉంది.