గోనెమూట

గోనెగుడ్డ మూటకు పడిన ముడిని కొండమ్మ పళ్లతో లాగి బిగించింది. లోపల పొరపొరకూ సంగటి ముద్దలు, ఎండుచేప ముక్కలు ఉన్నాయి. కర్రెగాడు ముందుకాళ్ల మీద లేస్తే నోటికి అందేలా దాన్ని వేపకొమ్మకు వేలాడదీసింది.

ఆరేళ్లు అడవిపందుల గొంతులు పట్టి ఈడ్చిన కుక్క అది. రెండు నెలల కిందట కందిచేలో ఒక పంది దాన్ని ఎత్తి గట్టుకేసి కొట్టింది. నడుము కింద చచ్చుబడింది. కొరకడానికి ఇంకేమీ లేక తన వెనకకాళ్లనే కొరుక్కుంటోంది. పాలన్నం పెట్టబోతే కొండమ్మ చేతిని చీల్చింది. నిన్న రెండు ముడుల మూటను కాసేపట్లో చించేసి, మళ్లీ కాలి మీద పడితే ఎముక బయటపడింది. ఇవాళ కూడా కొరికితే బండతో తల పగలగొడతానని, పనికి సెలవై ఇంట్లోనే ఉన్న భర్త సుబ్బయ్య తేల్చి చెప్పాడు.

"కుక్కకు ఉయ్యాల కడతన్నావా ఏంది?" అన్నాడు.

"పని కడతన్నా మామా. క్వారీ మూసినప్పుడు ఏడాది ఖాళీగా కూర్చుంటివే, అప్పుడు నువ్వు ఎవురిని కొరికినావు?"

ఆ ఏడాది అతని దెబ్బకే ఆమె ఎడమచెవి పోయింది. మళ్లీ పని దొరికాక చెయ్యి ఆగింది.

మార్కాపురం పలకల మిల్లులో రంపం కింద రాయి అరుస్తుంటే, కొండమ్మ ఆ రోజంతా చెన్నకేశవుడిని ఒకటే అడిగింది. కాళ్లు తీసుకున్నావు సరే, కోపాన్ని ఎందుకు మిగిల్చావు స్వామీ? తప్పుగా అడిగితే మన్నించమనీ అనుకుంది.

సాయంత్రం వచ్చేసరికి వాకిలంతా గోనె పీలికలు. తాడు తెగింది. కర్రెగాడు మూట మీద దవడ ఆనించి పడుకుని ఉన్నాడు. ముందుగా కాళ్లు చూసింది. కొత్త నెత్తురు లేదు.

"కొరకలేదు మామా," అంది.

సుబ్బయ్య అరుగు మీద నుంచి లేవలేదు. "మధ్యాన్నం దాకా పందితో కొట్లాడినట్టే కొట్లాడినాడు. తర్వాత సప్పుడు లేదు. నేను ముట్టలేదే కొండా."

ఆమె కూర్చుని, చల్లబడిపోయిన కుక్క తలంతా వేళ్లతో నెమ్మదిగా తడిమింది. ఎక్కడా పగల్లేదు. అప్పుడు సుబ్బయ్య వైపు తల ఊపింది.

దవడ కింద నుంచి మూట తీసింది. విప్పని ముడిలో కోరపన్ను ఒకటి, వేరుతో సహా ఊడి, దిగబడి ఉంది.