తుమ్మెదలు వచ్చేదాకా

మొగుడూ పెళ్లామూ ఇద్దరూ కువైట్‌లోనే ఉన్నారు, ఇంతకంటే ఏం కావాలి అని ఊళ్లోవాళ్లు ఈశ్వరయ్యను తలుచుకుని కుళ్లుకునేవాళ్లు. ఆ భాగ్యం ఏపాటిదో శుక్రవారం మధ్యాహ్నం ఫర్వానియాకు వచ్చి చూస్తే తెలిసేది. తెలిసిన వంటమనిషి బాలసుబ్బయ్య వాళ్ల గదిలో, ఆరేసిన బట్టల తాడు కింద ఒక చాప. ఆ చాపకు ఇటు చివర ఈశ్వరయ్య, అటు చివర అతని పెళ్లాం మద్దమ్మ. మధ్యలో కోడికూర గిన్నె, దాని చుట్టూ గదిలో వాళ్లంతా. ఏదైనా సొంత మాట మాట్లాడుకోవాలంటే మెట్ల మీదికి పోవాలి. మెట్ల మీద అప్పటికే ఇంకో జంట కూర్చుని ఉండేది. పొద్దు గూకేలోగా ఆమె రిగ్గైలో తను పనిచేసే, మామా అని పిలుచుకునే యజమానురాలి ఇంటికీ, అతను సులైబియాలోని టమాటా తోటకూ బస్సెక్కేవాళ్లు.

ఈశ్వరయ్యది మదనపల్లె పక్క పల్లె. ధర పడిపోయి టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఏడాది, ఇక ఈ జన్మలో ఆ కాయ మొహం చూడనని ఒట్టుపెట్టుకుని విమానమెక్కాడు. కువైట్‌లో దిగగానే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ ఫహద్ అతన్ని తీసుకెళ్లి టమాటా షెడ్డులోనే నిలబెట్టాడు. ఒట్టు సంగతి ఎవరితో చెప్పుకుంటాడు, నోరు మూసుకుని చొక్కా చేతులు మడిచాడు.

అవి ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్లు. బయట ఎడారి ఉడికిపోతున్నా లోపల ఫ్యాన్లు చల్లటి గాలి తోలుతుంటాయి, తీగలు తాళ్ల మీదికి పాకుతుంటాయి. పూత బాగానే వస్తుంది. కానీ ఆ పూత కదలందే పిందె పడదు, కదిలించడానికి అక్కడికి ఏ పురుగూ రాదు. అందుకని పనివాళ్లు కరెంటుతో వణికే పుల్ల ఒకటి పట్టుకుని ప్రతి పూగుత్తినీ తాకుతూ వరసల వెంట నడవాలి. పూత ఉన్నన్నాళ్లూ అదే పని. పుల్ల పక్కన పెట్టినా చెయ్యి మాత్రం అన్నం ముద్ద కలిపేటప్పుడు కూడా వణుకుతూనే ఉండేది.

ఆ పుల్ల తప్పించడానికి వచ్చిన మనిషి హెలెన్. ఇంగ్లండులో ఆమెకు చిన్న కంపెనీ ఉంది. తుమ్మెదల్ని పెంచి అట్టపెట్టెల్లో పెట్టి తోటలకు అమ్ముతుంది. యూరప్‌లో ఇదేం కొత్త కాదు. ఆమె కొత్తగా చేసిందల్లా ఎండకు తట్టుకునే తుమ్మెదల్ని తయారు చేయడం. కిందటి చలికాలం కొన్ని పెట్టెలు తెచ్చి అబూ ఫహద్ షెడ్డులో పెట్టింది. ఈశ్వరయ్య పుల్ల పక్కన పడేసి, బొద్దుగా ఉన్న ఆ తుమ్మెదలు పువ్వును పట్టుకుని ఝుమ్మని ఊపుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. కాపు విరగ్గాసింది.

హెలెన్ పనివాళ్లతో పాటు కింద కూర్చుని టీ తాగే మనిషి. ఒకరోజు ఆమె మొహం వాడిపోయి ఉంటే, ఏమైందని సూపర్‌వైజర్ ఉదయ్‌కుమార్‌తో అడిగించాడు ఈశ్వరయ్య. తమ దేశం యూరప్ కూటమి నుంచి బయటికి వచ్చినప్పటి నుంచీ పనికి అడుగడుగునా అడ్డమేనని ఆమె చెప్పింది. తుమ్మెదలు సముద్రం దాటాలంటే ఇప్పుడు పశువుల డాక్టరు సంతకం కావాలి. యూరప్ దేశాలన్నీ కలిసి సైన్సుకు పెట్టే ఉమ్మడి నిధిలో కొన్నేళ్లు తమకు చోటు లేకుండా పోయింది. తనతో కలిసి పరిశోధన చేసిన స్పెయిన్ వాళ్లు చూసి చూసి ఒక డచ్చి కంపెనీతో చేతులు కలిపారు. ఈ ఏడే తమ దేశం మళ్లీ ఆ నిధిలో చేరింది.

"చేరినారు గదా, ఇంగేమి?" అన్నాడు ఈశ్వరయ్య.

ఉదయ్‌కుమార్ ఆమె జవాబును తెలుగులో చెప్పాడు. "మేము చేరినాము గానీ, స్పెయిన్ వాళ్లు మాకోసరం కాసుకోని కూర్చోల్యా అంటాండాది."

అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో బావి మోటారు దగ్గర వంతుల గొడవ ఈశ్వరయ్యకు తెలియనిది కాదు. పాపం అనుకున్నాడు. పాపం అనుకుని, టీ గ్లాసు కడిగి బోర్లించి, ఆ సంగతి మరిచిపోయాడు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి ఈశ్వరయ్య?

అతని మనసంతా ఇంకోచోట ఉంది. కాపు చూసి సంబరపడ్డ అబూ ఫహద్, ఈసారి ఎండలు తగ్గకముందే తుమ్మెదలు వస్తే అందరికంటే ముందు కాయ మార్కెట్టుకు పంపవచ్చని, అలా జరిగితే ఇంకో రెండు షెడ్లు వేస్తానని అన్నాడు. కాయలు ఏరి పెట్టెల్లో సర్దడానికి ఆడవాళ్లు కావాలి, నీ భార్యను తెచ్చుకో, మూలనున్న స్టోరు గది మీ ఇద్దరికీ ఇస్తాను అన్నాడు. ఆ మాటతో ఈశ్వరయ్యకు కాలు నేల మీద నిలవలేదు. దానికి తోడు ఆ వేసవిలోనే, ఇంటిపని వీసా ఉన్నవాళ్లు కఫీల్ ఒప్పుకుంటే కంపెనీ వీసాకు మారవచ్చని ప్రభుత్వం రెండు నెలల గడువిచ్చింది. దేవుడే తలుపు తీశాడనుకున్నాడు.

తలుపు తీసేటప్పటికి ఆషాఢం. కొత్త గదిలో కాపురం పెట్టడానికి అది పనికిరాదు. శ్రావణంలో మంచిరోజు చూడమని బాలసుబ్బయ్యను అడిగాడు. రాయచోటి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా వంటపని చేస్తున్న బాలసుబ్బయ్య ఫోనులో పంచాంగం పెట్టుకుని ఫర్వానియాలో సగం మందికి ముహూర్తాలు చెప్తుంటాడు.

"శ్రావణంలో ఒగ మంచి శుక్రవారం ఉండాదిరా. అది దాటితే భాద్రపదం. భాద్రపదంలో ఇల్లు జొరబడేది నేనైతే చెప్పను," అన్నాడతను.

ఆ మాట పట్టుకుని ఈశ్వరయ్య రిగ్గై వెళ్లాడు. మామా బడిలో టీచరు. మద్దమ్మ ఆమె ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉంది, ఆమె కూతురు దానాను పురిటి నుంచీ ఎత్తుకుని పెంచింది. మామాకు ఇష్టం లేకపోయినా కాదనలేదు. గేటు దగ్గర నిలబడి, వచ్చీరాని హిందీలో నెమ్మదిగా ఒక మాట చెప్పింది. గడువు ఇంకా ఉంది, ఆ తుమ్మెదలేవో వచ్చేదాకా ఆగండి, అవి వచ్చిన మరునాడే సంతకం పెడతాను, ఈలోగా ఈ ఇల్లు ఎక్కడికీ పోదు అని.

పెట్టెలు వచ్చేది భాద్రపదం మొదట్లో. గడువు తీరేది ఆ తర్వాత వారానికి. మామా చెప్పినదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు, బుద్ధి ఉన్న ఎవరైనా సరేననేవాళ్లు. ఈశ్వరయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు. మా పద్ధతులు వేరు మామా, ఆ నెల మంచిది కాదు, శ్రావణంలోనే కావాలని పట్టుబట్టాడు. మామా అతన్ని వదిలి మద్దమ్మ వైపు చూసి, నీకు ఇష్టమేనా అంది. మద్దమ్మ మొగుడి మొహం చూసింది. తరవాత తల ఊపింది.

అంతే, మామా సంతకం పెట్టింది. పెట్టి, పిల్లాజెల్లా ఉన్న ఇల్లు కనుక, ఆ వారంలోనే ఇంకో మనిషిని మాట్లాడుకుంది.

మంచి శుక్రవారం రానే వచ్చింది. స్టోరు గదికి ఈశ్వరయ్య తనే సున్నం వేశాడు. మద్దమ్మ గడపకు పసుపు రాసి, చిన్న గ్యాసు పొయ్యి మీద పాలు పొంగించింది. ఫర్వానియా నుంచి వచ్చిన వాళ్లంతా ఆ పాలతో చేసిన పాయసం తాగి దీవించి వెళ్లారు. అందరూ వెళ్లిపోయాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇక బస్సు ఎక్కాల్సిన పని లేదని గుర్తొచ్చి, ఊరికే నవ్వుకున్నారు.

ఆ కొన్ని వారాలు నిజంగా సుఖపడ్డారు. పొద్దున్నే లేచి ఒకే స్టీలు గ్లాసులో టీ చెరి సగం. మద్దమ్మకు మొదట్లో నిద్రలో మెలకువ వచ్చి దానా ఏడుస్తోందేమోనని లేచి కూర్చునే అలవాటు పోలేదు. తరవాత తగ్గింది. తలుపు పక్కన పాత డబ్బాల్లో కొత్తిమీర వేసింది. ఈశ్వరయ్య షెడ్డులోంచి మధ్యలో రెండుసార్లు ఏదో వంక పెట్టుకుని గదికి వచ్చి పోతుంటే, ఏమయ్యా, పెండ్లి నిన్ననా అయింది అని మొహం కొంగుతో కప్పుకుని వెక్కిరించేది. ఈ వయసులో మద్దమ్మకు ఇంత సిగ్గుందని అతనికి అప్పుడే తెలిసింది.

పెట్టెలు భాద్రపదంలో చెప్పిన రోజుకు రాలేదు. కాగితాల పని తెమల్లేదన్నారు. వీసా మార్పుకు ప్రభుత్వం పెట్టిన గడువు కూడా దాటిపోయింది. చివరికి ఒక పొద్దున ఎయిర్‌పోర్టు నుంచి వ్యాను వచ్చింది. అట్టపెట్టెలు చల్లగానే ఉన్నాయి, మూతలు చెదరలేదు. ఈశ్వరయ్య ఒకటి ఎత్తి అలవాటుగా చెవికి ఆనించాడు. ఏ శబ్దమూ లేదు. రెండోది తీశాడు. మూడోదాని మూత తీసి చూస్తే తుమ్మెదలన్నీ చచ్చిపడి ఉన్నాయి. మద్దమ్మ గది గడపలో నిలబడి ఇటే చూస్తోంది.

ఉదయ్‌కుమార్ ఫోనులో హెలెన్‌తో మాట్లాడి చెప్పాడు. తుమ్మెదలు ఎక్కాల్సిన చల్లటి సరుకుల విమానం హాలండులో ఉంటుంది. వెనకటికి లారీ సాయంత్రం ఇంగ్లండులో బయలుదేరి తెల్లారేసరికి అక్కడుండేది, మధ్యలో ఎవరూ ఆపేవాళ్లు కాదు. ఇప్పుడు రేవులో ఆపారు. డాక్టరు సంతకం ఒకచోట తప్పుగా పడింది. సరిదిద్దే ఆఫీసుకు శనాదివారాలు సెలవు. ఆ రెండు రోజులూ లారీ ఎండలో నిలబడింది.

"ఎండకు తట్టుకునేటివి అన్నారు గదా?" అన్నాడు ఈశ్వరయ్య.

"మూసిన లారీలో ఏది తట్టుకుంటాది అన్నా? ఆమె ఏడుస్తాంది. వాళ్ల నాయన స్ట్రాబెర్రీ రైతంట, బయటికి రావాల్నని ఓటేసిన వాళ్లలో ఆయనా ఒగడంట. ఇప్పుడు ఆ మాటెత్తితే లేసి పోతాడంట."

హెలెన్ కంపెనీ చేతులెత్తేసింది. అప్పటికే సగం మందిని మానిపించి ఉన్నారట, ఈ దెబ్బతో కువైట్ పని ఆపేశారు. అబూ ఫహద్ కోపం తెచ్చుకోలేదు. ఖలాస్ అని చెయ్యి దులుపుకుని, మీరు పుల్లలు పట్టుకోండి అన్నాడు. కొత్త షెడ్లు లేవు, ఆడవాళ్లతో పని లేదు. కొత్తగా తీసుకున్న వాళ్ల అకామాలు, అంటే దేశంలో ఉండనిచ్చే పర్మిట్లు, రద్దు చేయమని ఆఫీసుకు చెప్పాడు. ఆ కొత్తవాళ్లలో మద్దమ్మ ఒకతి.

ఈశ్వరయ్య ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ రిగ్గై వెళ్లాడు. మామా వాళ్లను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఈశ్వరయ్య చెప్పిందంతా వింది. ప్రభుత్వం ఇచ్చిన గడువు అయిపోయింది, మళ్లీ ఇంటి వీసాకు తిరగరాయడానికి వీల్లేదు, పైగా వేరే మనిషి వచ్చేసింది, ఆమెనూ నమ్మించి దేశం దాటించి తెచ్చాను, ఎట్లా పొమ్మంటాను అంది. మాట్లాడుతుండగా కొత్తామె చెయ్యి పట్టుకుని దానా వచ్చింది. మద్దమ్మను చూసి పరుగెత్తుకొచ్చి ఒళ్లో ఎక్కి, వచ్చేశావా అంది. మద్దమ్మ ఆ పిల్ల జుట్టు సవరించింది. ఊరికి పోతాండాను తల్లీ అని తెలుగులోనే చెప్పింది. తొమ్మిదేళ్ల సహవాసంలో ఆ పిల్లకు తెలుగు వచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఈశ్వరయ్యకు ఎవర్ని తిట్టాలో తెలియలేదు. బాలసుబ్బయ్యను తిడదామంటే, తను అడిగితేనే అతను చెప్పాడు. ఇంగ్లండును తిడదామంటే, అది ఎట్లా ఉంటుందో కూడా తెలియదు. పన్నెండు రోజులు, పోనీ పదిహేను రోజులు ఓపిక పట్టి ఉంటే మద్దమ్మ ఇప్పుడు రిగ్గైలోనే ఉండేది. చాపకు అటు చివరైనా ఉండేది. నా తొందరే నా కొంప ముంచిందని లోపల్లోపల తల బాదుకున్నాడు.

ఎయిర్‌పోర్టుకు బయలుదేరిన రోజు మద్దమ్మ కొత్తిమీర అంతా కోసి పచ్చడి చేసి సీసాలో పెట్టి ఇచ్చింది. టాక్సీ దిగాక లోపలికి పోయే తలుపు దగ్గర, ఆమె సంచి అందుకుంటుంటే ఈశ్వరయ్య ఇక ఉండబట్టలేక అన్నాడు.

"నాదే తప్పు మే. మామా చెప్పినట్ల ఆగింటే సరిపోయుండు."

"నాకూ అదే మంచిదనిపించిండె," అంది మద్దమ్మ.

అతను తెల్లబోయాడు. "ఏందీ? మరి ఆపొద్దు గేటుకాడ తల ఊపితివే?"

"మామా ముందర నీ మాట తీసేసేదా?"

"ఆ తరవాతైనా నాతో చెప్పల్యా?"

"నువ్వు అడగల్యా."

ఆమె గొంతులో కోపం లేదు. సంచి భుజానికి తగిలించుకుంది, పమిట సర్దుకుంది, పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుంది.

"అడిగింటే చెప్పేదానివా?" అన్నాడు ఈశ్వరయ్య.

"చెప్పేదాన్ని. నన్నెవరన్నా అడిగితే చెప్పకుండా యాల ఉంటా? పోయొస్తా. టయానికి తిను."

వరస కదిలింది, ఆమె దాంతో పాటు లోపలికి వెళ్లిపోయింది. ఈశ్వరయ్య అక్కడే నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో, ఊరు వదిలేటప్పుడు గానీ, ఆమెను ఇక్కడికి పిలిపించుకునేటప్పుడు గానీ, నీ ఇష్టమేమిటని ఆమెను ఎప్పుడైనా అడిగానా అని వెతుక్కున్నాడు. అడిగిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు.