గోడెక్కిన ఉప్పు

అక్క కబురు పెట్టగానే మేస్త్రి తాపీ, గమేళా సర్దుకుని మళ్లీ బయలుదేరాడు. అదే ఇల్లు, అదే పడగ్గది, అదే గోడ. ఏడాది తిరగకుండా ఇది మూడోసారి. పదిమంది గోడలు నిలబెట్టినవాడికి సొంత అక్క ఇంటి గోడ లొంగకపోవడం తలవంపులుగా ఉంది.

పోయినసారి బావ గుమ్మంలోనే ఎదురొచ్చి, "నీ పనితనం చూసి గోడే కన్నీళ్లు పెట్టుకుంటోందిరా బామ్మర్దీ" అని ఆటపట్టించాడు. ఈసారి ఎదురు రాలేదు. వరండాలో మంచం వేసుకుని, ఇంటికి వీపు తిప్పి కూర్చున్నాడు.

"లోపల పడుకోవడం మానేశారు" అంది అక్క గొంతు తగ్గించి. "అడవి ఇంట్లోకి వస్తోందంటారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదురా."

మేస్త్రి గదిలోకి వెళ్లాడు. తను నున్నగా పూసిన సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలి నేలంతా పడి ఉంది. తడి ఛాతీ ఎత్తుకు ఎక్కింది. ఆ తడి మీద తెల్లగా ఏదో పూసింది. వేలితో గీరి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. గోడ నిండా సన్నటి మొదళ్లు, వాటినుంచి చీలిన కొమ్మలు, ఒకదానిమీద ఒకటి వాలి నిలబడ్డ చెట్లు. తడి ఏ ఆకారమైనా పోసుకుంటుందిలే అని తనకు తనే చెప్పుకున్నాడు.

ఇంటి వెనక ఏటవాలు నేలలో ఒకప్పుడు ఎవరూ నాటని అడవి ఉండేది. పొద్దు వాలితే పిట్టల గోలకు ఇంట్లో మాట వినపడేది కాదు. పొలాలు చేస్తామని ఒక కంపెనీ దాన్ని కొన్నది. రెండు పెద్ద ట్రాక్టర్ల మధ్య లావుపాటి ఇనుప గొలుసు కట్టి ఈడిస్తే, మధ్యలో ఉన్నవన్నీ వేళ్లతో సహా లేచిపోయాయి. అందులో ఒక ట్రాక్టరు బావదే. మొదట్లో పంట విరగకాసింది. ఆ తరవాత పల్లపు వైపు నేల తెల్లబారి, గడ్డిపరక కూడా మొలవడం మానేసింది. ఇప్పుడక్కడ పిట్ట కూత కూడా లేదు.

తడి ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకుందామని మేస్త్రి గోడ పక్కన బండ లేపి గునపం దించాడు. మోచేతి లోతు కూడా పోకముందే గుంటలోకి నీళ్లు ఊరాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"పైపు పగిలిందా బావా?" అన్నాడు, గుమ్మంలో అలికిడి విని.

బావ లోపలికి అడుగు పెట్టలేదు. "పైపు కాదు. అది వాటి వాటా."

"వేటి వాటా?"

"చెట్లవి. పడ్డ వానంతా అవే తాగేవి. కిందున్న నీళ్లను కిందే ఉంచేవి. ఇప్పుడు తాగేవాళ్లు లేరు. మట్టిలో ఉప్పంతా మోసుకుని ఆ నీళ్లు పైకొస్తున్నాయి. పొలం చూడటానికొచ్చిన ఆఫీసరమ్మ చెప్పింది." గుంటలో ఊరిన నీళ్లకేసి చూశాడు. "ఆవిడ చెప్పేదేముంది. వేళ్లు పైకి లేచినప్పుడు నేను చూశాగా. ఒక వేరు నా ట్రాక్టరు కన్నా పొడుగుంది. దాని కొస ఇంకా తడిగానే ఉంది."

మేస్త్రి గునపం పక్కన పెట్టాడు. "పోనీ, ఇంకో పూత వేయనా?"

"వెయ్యి. మళ్లీ వస్తాయి." బావ చెయ్యెత్తి గోడకేసి చూపించాడు. "ఆ వంకరది వాగు గట్టు మీద ఉండేది. గొలుసు దాని మీంచి రెండుసార్లు జారిపోయింది. ఆ పక్కది పడుతూ పడుతూ దీన్ని పట్టుకుంది. ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతున్నానురా."

మేస్త్రి సిమెంటు బస్తా విప్పనే లేదు. చేతికొచ్చిన పని వదిలేసి వెళ్లడం అతని జన్మలో అదే మొదలు. పునాది దాకా నానిపోయిందని, ఇంకో వానాకాలానికి ఇల్లు ఆగదని అక్కకు ఉన్నమాట చెప్పేశాడు. అక్క గోడకేసి చూసి, అటకమీద సామాను దించడం మొదలుపెట్టింది. అక్కా బావా ఇద్దరూ మేస్త్రి ఇంటికి వచ్చేశారు. మొదటి జడివానకే ఆ గోడ కూలింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

బావ ఇంటిపట్టున నిలవలేదు. తెల్లారగానే ఆ ఏటవాలుకు పోయేవాడు. మిగిలిన పొదల్లో విత్తనాలు ఏరి, మొలకలు కట్టి నాటేవాడు. కంపెనీ వాళ్లు ఆ నేల వదిలేసి ఎప్పుడో పోయారు, అడ్డుపడేవాళ్లు లేరు. పల్లంలో నాటినవి నాటినట్టే మాడిపోయాయి. మిట్టమీద మాత్రం కొన్ని వేరు పట్టాయి.

ఒక మధ్యాహ్నం బావను భోజనానికి పిలుచుకురమ్మని అక్క పంపితే మేస్త్రి వెళ్లాడు. తెల్లటి నేల కాళ్లకింద పెళపెళమంటోంది. మిట్టమీద, మోకాలెత్తు మొక్కల మధ్య బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్లేసరికి మాటలు వినిపించాయి.

"తాగండమ్మా. ఇంకొంచెం తాగండి. తాగితే నీరు దిగుతుంది."

కన్నపిల్లల చిన్నప్పుడు కూడా బావ ఆ గొంతుతో మాట్లాడగా అతను వినలేదు. పిలవబోయి, పిలవలేక, వచ్చిన దారినే తిరిగొచ్చాడు.

"వస్తానన్నారా?" అంది అక్క.

"తీరిక లేదక్కా ఆయనకి."

అక్క కంచం మీద మూత పెట్టింది. "అవి పెరిగేదెప్పుడు, తాగేదెప్పుడురా? మనం ఉంటామా అప్పటికి?"

మేస్త్రి చేతులు కడుక్కుని, ఒక్కడే భోజనానికి కూర్చున్నాడు.